స్కానింగ్ తేదీకి వారం ముందే భయానికి వైద్యం మొదలుపెట్టండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఈ ప్రాంతంలో స్కానింగ్ సెంటర్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

డాక్టరు ఎమ్మారై రాసిన రోజుకూ, అది తీసే రోజుకూ మధ్య మన దగ్గర రోగి చేతికి అందేది ఒక చీటీ, ఒక తేదీ, కొన్నిచోట్ల ఇంగ్లిషులో అచ్చువేసిన ఒక ఫారం. లోపల ఏం జరుగుతుందో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉండడు. ఇరుకు సొరంగంలాంటి ఆ మిషన్ అంటే భయం ఉన్నవాళ్లు ఆ భయాన్ని అక్కడిదాకా మోసుకొస్తారు. బల్ల లోపలికి జరగగానే లేచి కూర్చుంటారు. అప్పుడు టెక్నీషియన్ కసురుకుంటాడు, వెంట వచ్చినవాళ్లు బతిమాలతారు, ఎవరో ఒకరు పక్క మందుల షాపు నుంచి నిద్రమాత్ర తెస్తారు. ఆ గడియలో ఇవేవీ భయాన్ని తగ్గించవు. ఈ భయానికి పద్ధతైన వైద్యం ఉంది. దాన్ని వారం ముందు మొదలుపెట్టాలి. దానికోసం రోగి నెల్లూరుకో, ఒంగోలుకో రానక్కర్లేదు. సొంత ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో తలుపు వేసుకుని వీడియో కాల్ ముందు కూర్చుంటే జరిగిపోతుంది. ఈ ఏర్పాటు చేయమని అడగడానికే, స్కానింగ్ గదుల్లోనూ మానసిక వైద్య విభాగాల్లోనూ పనిచేస్తున్న మేం ఈ లేఖ రాస్తున్నాం.

ఉదయగిరి నుంచి నెల్లూరుకు, మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు, సీతారామపురం వైపు వాళ్లకు ఇంకా దూరం. కూలి వదులుకుని, తోడుగా మరొకరి కూలి కూడా వదిలించి, చీకటితో బస్సెక్కి వచ్చిన మనిషి స్కానింగ్ కాకుండానే తిరిగి వెళ్తే ఆ నష్టం ఆ ఒక్క రోజుతో పోదు. మళ్లీ తేదీ దొరకాలి, ఆపరేషన్ నిర్ణయం అప్పటిదాకా ఆగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రెండోసారికి భయం ముదురుతుంది. బల్ల మీంచి దిగిన క్షణంలో కలిగిన ఊరట మనసుకు ఒక తప్పుడు లెక్క నేర్పుతుంది: బయటికొచ్చాను గనకే బతికాను అని. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే ఇరుకు భయంతో మధ్యలో ఆగిపోయే ఎమ్మారైలు వందకు ఒకటి దాకా ఉంటాయి. లెక్కకు రానివాళ్లు ఇంకా ఎక్కువ. పళ్లు బిగబట్టి పడుకుని, సగంలో కదిలి, బొమ్మ చెదిరి, అదే సీక్వెన్సు (ఒక విడతలో తీసే బొమ్మల వరస) రెండుసార్లు తీయించుకునేవాళ్లు వీళ్లు. తేదీ దగ్గర పడగానే జ్వరమనో, ఇంట్లో శుభకార్యమనో వంక చెప్పి మానేసేవాళ్లూ ఉన్నారు.

భయం దేని గురించో విడమరచి చూడాలి. ఎమ్మారై మిషన్ సొరంగం వెడల్పు పాత రకాల్లో 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70. రెండు కొసలూ తెరిచే ఉంటాయి. లోపల దీపం ఉంటుంది, గాలి వీచే ఏర్పాటు ఉంటుంది. అందులో ప్రాణవాయువు తగ్గడమన్నది లేదు. ఎక్స్‌రేలాంటి రేడియేషన్ కూడా లేదు. ఉన్నది అయస్కాంతం, దాని బలం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాలు. శబ్దం మాత్రం నిజంగానే పెద్దది, సిమెంటు రోడ్డు పగలగొట్టే మిషన్ పక్కన నిలబడినట్టు ఉంటుంది. తీగచుట్టల్లో కరెంటు సెకనుకు ఎన్నోసార్లు మారుతూ ఉంటే అవి అదిరి ఆ మోత వస్తుంది. మిషన్ చెడిపోయి కాదు, పేలబోయీ కాదు. ఈ ఒక్క మాట ముందుగా తెలియక, మోత మారిన ప్రతిసారీ ఏదో జరిగిపోయిందని అదిరిపడేవాళ్లు చాలామంది. ఒక్కో మోత రెండు నుంచి ఆరు నిమిషాలు, మధ్యలో నిశ్శబ్దం, మొత్తం 20 నుంచి 45 నిమిషాలు. ఇక మన ఊళ్లలో అందరూ అడిగే ప్రశ్న: కరెంటు పోతే లోపలే ఇరుక్కుపోతామా? ఇరుక్కుపోరు. బల్లను చేత్తో బయటికి లాగే ఏర్పాటు మిషన్‌కే ఉంటుంది.

శరీరం చేసే పని వేరు. గాభరాపడిన మనిషి వేగంగా, పెద్దపెద్దగా ఊపిరి తీస్తాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ పట్టేస్తుంది, ఊపిరి ఆడనట్టే ఉంటుంది. గాలి చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా పీలుస్తాడు, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. ఈ సుడిలో ఉన్నవాళ్లకు "భయపడకు, ఏం కాదు" అంటే పనిచేయదు. "గట్టిగా ఊపిరి తీసుకో" అనడం ఇంకా తప్పు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో మెల్లగా తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. ఎక్కువసేపు ఉండాల్సింది వదలడం. దీన్ని ఆ బల్ల మీద కొత్తగా నేర్పలేం. ఇంటి దగ్గర వారం రోజులు చేసి ఉంటేనే అక్కడ గుర్తొస్తుంది. ఇంకొక కారణం కూడా ఉంది: పొట్ట, భుజం, వెన్ను తీసేటప్పుడు పెద్ద ఊపిరి తీస్తే ఛాతీ ఎగసి బొమ్మ మసకబారుతుంది. మెల్లని ఊపిరి మనసుకూ, బొమ్మకూ రెండిటికీ మంచిది.

మేం అడుగుతున్న ఏర్పాటు ఓపీలో మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. స్కానింగ్ రాసిన డాక్టరు గానీ, స్టాఫ్ నర్సు గానీ అడగొచ్చు, నిమిషం కంటే పట్టదు. ఇంతకుముందు స్కానింగ్ మధ్యలో ఆపించుకున్నారా? లిఫ్టులో, కిటికీలు మూసిన గదిలో, కిక్కిరిసిన బస్సులో ఉండలేక దిగిపోతారా? వెల్లకిలా అరగంట పడుకోగలరా? మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు వెల్లకిలా పడుకుంటే నిజంగానే ఆయాసం వస్తుంది. దాన్ని భయమని పేరుపెట్టి కౌన్సెలింగ్‌కు పంపితే ప్రమాదం. వెన్నునొప్పితో పడుకోలేనివాళ్లకు కావాల్సింది నొప్పి మందు, మోకాళ్ల కింద దిండు. మొదటి రెండు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి అవునన్నా ఆ మనిషికి స్కానింగ్ తేదీ కనీసం ఏడు రోజుల తర్వాత ఇవ్వండి, కౌన్సెలింగ్ తేదీ మర్నాడే ఇవ్వండి. పక్షవాతం, తలకు దెబ్బ, వెన్నుపాము నొక్కుకుపోవడం లాంటి అత్యవసరాలకు ఇదేదీ వర్తించదు. అక్కడ ఒక్క గంట కూడా ఆగకూడదు.

మొదటి కాల్ 40 నిమిషాలు. సగం సమయం వినడానికే పోవాలి. ఏది భయం? ఊపిరి ఆడదనా, కదలలేననా, కేకేస్తే ఎవరికీ వినపడదనా, లేక రిపోర్టులో ఏముందోననా? ఒకొక్కదానికి చికిత్స ఒకొక్కటి. అన్నిటినీ కలిపి ధైర్యం చెబితే ఏదీ తగ్గదు. భయాన్ని సున్నా నుంచి పది దాకా అంకె వేయించాలి. ఈ అంకె తర్వాత అన్ని రోజులూ పనికొస్తుంది. మిగతా సగంలో రోగికి తాను వెళ్లబోయే సెంటరు వీడియో చూపించాలి. ఎక్కడిదో విదేశీ ఆసుపత్రి వీడియో కాదు. అదే తలుపు, అదే బల్ల, అదే టెక్నీషియన్ గొంతు ఉండాలి, మూడు నిమిషాలు చాలు. ఫోన్ పట్టుకుని అయస్కాంతం గదిలోకి ఎవరూ వెళ్లకండి. అయస్కాంతం రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది. కంట్రోల్ రూము అద్దం వెనక నుంచి తీసినా బాగానే వస్తుంది. మోతలను కూడా అక్కడి నుంచే రికార్డు చేసి విడిగా ఆడియో ఇవ్వండి, రెండో కాల్‌కు అది అవసరం.

అసలు పని రెండో కాల్‌లో ఉంది. భయపడే పరిస్థితిని చిన్న మెట్లుగా చేసి, ఒక్కో మెట్టు మీద భయం దిగేదాకా ఉండటం నేర్పడమే ఈ చికిత్స. ఖరీదైన సామాను అక్కర్లేదు. నవారు మంచమో, చెక్క మంచమో చాలు. దాని కింద ఉండే ఖాళీ సుమారు అడుగున్నర, సొరంగం ఇరుకును ఒంటికి అలవాటు చేయడానికి అది సరిపోతుంది. మొదట చాప మీద వెల్లకిలా, కళ్లకు మడతపెట్టిన తువ్వాలు కప్పుకుని, కదలకుండా పది నిమిషాలు. తర్వాత మంచం కింద నడుము దాకా. తర్వాత ఛాతీ దాకా. తర్వాత తల కూడా. తర్వాత అదే స్థితిలో ఫోన్లో మోత, మొదట చిన్నగా, రోజురోజుకూ పెంచుతూ. మెదడు, మెడ ఎమ్మారై ఉన్నవాళ్లకు ముఖం మీద పంజరంలాంటి కాయిల్ పెడతారు. అక్కడే చాలామంది ఆగిపోతారు. దానికి చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టను ముఖం మీదుగా బోర్లించుకుని పడుకోవడం మంచి సాధన. గాలి ఆడే బుట్టే ఉండాలి, పక్కన ఇంట్లోవాళ్లొకరు కూర్చోవాలి, ధైర్యం చెప్పకుండా ఊరికే కూర్చోవాలి. కాల్‌లో మొదటి రెండు మెట్లు కౌన్సెలర్ కళ్లముందే చేయించి, మిగతావి రోజుకు రెండు పూటలా 20 నిమిషాల చొప్పున ఇంటి దగ్గర చేయమనాలి.

ఇక్కడ పని చెడేది ఒకేచోట. అంకె ఎనిమిదికి ఎక్కగానే మంచం కింద నుంచి లేచొచ్చేస్తారు. అలా వస్తే సాధన భయాన్ని తగ్గించకపోగా పెంచుతుంది, ముందు చెప్పిన తప్పుడు లెక్కే మళ్లీ గట్టిపడుతుంది. అంకె సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. ఉండలేకపోతే ఆ మెట్టు పెద్దదైందని అర్థం, ఒక మెట్టు దిగి మళ్లీ చేయాలి. రెండో పొరపాటు మెట్లు దూకడం. "మా ఆవిడకు ధైర్యం రావాలి" అని మొదటి రోజే తల దాకా మంచం కిందికి తోసే భర్తలు, మోత పూర్తిగా పెంచి నవ్వే పిల్లలు ఉంటారు. కాల్ చివర్లో ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లతో మాట్లాడటం అందుకే తప్పనిసరి.

మూడో కాల్ స్కానింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు, అరగంట. ఆ రోజు ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు బల్ల దిగేదాకా వరసగా మాటల్లో నడిపించాలి. బీపీ, థైరాయిడ్ మాత్రలు మానకూడదు. లోపలికి వెళ్లేముందు మూత్రానికి వెళ్లి రావాలి. కళ్ల మీద గుడ్డ బల్ల కదలకముందే వేయించుకోవాలి. లోపలికి పోయాక కళ్లు తెరిచి పైకప్పు చూసి, మళ్లీ మూసుకోవడం కష్టం. చేతిలో పెట్టే రబ్బరు బుడ్డిని మిషన్ మొదలవకముందే ఒకసారి నొక్కి, అవతల గంట మోగిందని విని నమ్మాలి.

ఆడవాళ్ల విషయంలో మూడో కాల్‌కు ఇంకో పది నిమిషాలు కలపండి. మా అనుభవంలో సొరంగం కంటే ముందు వచ్చే భయం ఇది: తాళి తీయమంటారు. పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, చెవి దిద్దులు, గాజులు అన్నీ బయట పెట్టాలి. బంగారాన్ని, వెండిని అయస్కాంతం లాగదు నిజమే. కానీ కొక్కేల్లో, కలిపిన లోహాల్లో ఇనుము ఉండొచ్చు, లోహం వేడెక్కొచ్చు, బొమ్మలో నల్లమచ్చలు పడతాయి. తలుపు దగ్గర ఒక్కసారిగా "అవన్నీ తీసెయ్" అంటే, క్యాన్సరేమోనన్న అనుమానంతో వచ్చిన మనిషికి అది అపశకునంలా తగులుతుంది, గుండె దడ అక్కడే మొదలవుతుంది. ముందే చెబితే ఇంటి దగ్గరే పెద్దవాళ్ల చేత పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టించుకుని వస్తారు. దాంతో స్కానింగ్‌కు ఏ ఇబ్బందీ లేదు. మెట్టెలు ఏళ్ల తరబడి వేలికి పట్టేసి ఉంటాయి, సబ్బునీళ్లతో ఇంటి దగ్గరే వదులు చేసుకోవాలి. జరీ అంచు చీరలో లోహపు పోగులుంటాయి, హుక్కుల జాకెట్టూ పనికిరాదు. నూలు నైటీ మంచిది. నిజంగా ప్రమాదమైంది జాకెట్టు లోపల మర్చిపోయిన పిన్నీసు. మగవాళ్లకు మొలతాడులోని వెండి బిళ్ల, తాయెత్తు రేకు, జేబులో బీడీలతోపాటు ఉండిపోయే లైటరు. లేత్ మిషన్ల దగ్గర, వెల్డింగ్ షెడ్లలో పనిచేసేవాళ్లను కంట్లో ఇనుప రజను పడి ఉందా అని తప్పకుండా అడగాలి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్ ఉంటే ఆ కాగితాలు ముందే డాక్టరుకు చూపించాలి. ఈ ప్రశ్నలన్నీ ఉన్న ఫారం తెలుగులో అచ్చువేయించి, మూడో కాల్‌లో చదివి వినిపించండి. అర్థం కాని ఫారం మీద వేలిముద్ర వేయించడం భయానికీ కారణమే, ప్రమాదానికీ కారణమే.

సూది భయం వేరే జాతి. బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కోసం నరానికి సూది గుచ్చగానే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు పైన చెప్పిన మెల్లని ఊపిరి, ఒళ్లు వదులుచేయడం చేయిస్తే ఇంకా తొందరగా పడిపోతారు, ఎందుకంటే వాళ్లకు ఆ క్షణంలో బీపీ పడిపోతుంది. వీళ్లకు చేయించాల్సింది బిగించడం. సూది లేని చెయ్యి, కాళ్లు, పొట్ట కండరాలను ముఖం వెచ్చబడేదాకా 10 నుంచి 15 సెకన్లు బిగించి, 20 నుంచి 30 సెకన్లు మామూలుగా వదలాలి. ఇలా ఐదుసార్లు. వారం పాటు రోజూ చేస్తే సూది రోజున తనంతట తానే వస్తుంది. సీటీ స్కానింగ్‌కు ఇంత తయారీ అక్కర్లేదు, అది పొట్టి వలయం, కొన్ని సెకన్ల పని. ఒక్కటి చెప్పాలి: సీటీలో కాంట్రాస్ట్‌గా ఇచ్చే అయోడిన్ మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి, నోట్లో ఇనుము రుచి, బట్టల్లోనే మూత్రం పోయినట్టు అనిపించడం మామూలు, నిమిషంలోపు పోతాయి. దద్దుర్లు, దురద, ఆయాసం మామూలు కావు, వెంటనే చెప్పాలి.

నిద్రమాత్ర గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. లోరాజెపామ్, అల్ప్రజోలామ్ లాంటివి కొందరికి అవసరమే, మేం వాటికి వ్యతిరేకం కాదు. కానీ వాటిని డాక్టరు రాయాలి, చీటీ లేకుండా షాపువాడు ఇవ్వకూడదు. గురక పెట్టి ఊపిరి ఆగి ఆగి తీసేవాళ్లకు, ఆయాసం ఉన్నవాళ్లకు, పెద్దవయసువాళ్లకు, మద్యం తాగి వచ్చినవాళ్లకు సొరంగం లోపల ఊపిరి మందగిస్తే అద్దం అవతల నుంచి వెంటనే కనిపించదు. వేసుకున్న మనిషి ఆ రోజు బండి నడపకూడదు, తోడు లేకుండా బస్సెక్కకూడదు. మాత్ర ఒక్కసారికి గట్టెక్కిస్తుంది. మూడు నెలలకోసారి స్కానింగ్ చేయించుకోవాల్సిన క్యాన్సర్ రోగికి ప్రతిసారీ మాత్రే దిక్కు కాకూడదు. చిన్నపిల్లలకు మత్తు అవసరమైతే మత్తు డాక్టరు, ఎమ్మారైలో పనిచేసే మానిటరు ఉన్నచోటే చేయాలి.

స్కానింగ్ సెంటర్ల యజమానులకు ఒక మాట. ఫోన్లో వారం రోజులు కష్టపడి తయారుచేసిన మనిషిని గది తలుపు దగ్గర ఒక్క విసురు మాట పాడుచేస్తుంది. రోగి చీటీ మీద కౌన్సెలింగ్ అయిందన్న గుర్తు ఉంటే టెక్నీషియన్ పది నిమిషాలు అదనంగా కేటాయించాలి. చెవులకు ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లు రెండూ పెట్టాలి. ప్రతి సీక్వెన్సుకు ముందు మైకులో "ఇప్పుడు నాలుగు నిమిషాల మోత, టకటకమని వస్తుంది" అని, అయిపోగానే "బాగా పడుకున్నారు, ఇంకా మూడున్నాయి" అని చెప్పాలి. మైకు పది నిమిషాలు మూగబోతే లోపలున్నవాళ్లు తమను మర్చిపోయారనుకుంటారు. మోకాలు, పాదం తీసేటప్పుడు కాళ్లు ముందుగా పంపండి, తల బయటే ఉండొచ్చు. లోహపు పరీక్ష పూర్తయితే ఒక బంధువును లోపల కూర్చోనివ్వండి, వాళ్లకూ చెవి ప్లగ్గులిచ్చి. ఇవేవీ డబ్బు ఖర్చయ్యేవి కావు.

ఆన్‌లైన్ అనగానే అంతా సాఫీగా జరిగిపోతుందని మేం అనుకోవడం లేదు. చెడేచోట్లు మాకు తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ కొడుకు దగ్గర ఉంటుంది, అతను రొయ్యల చెరువు దగ్గర ఉంటాడు. అత్తగారు వింటుండగా కోడలు తన భయం చెప్పదు. నల్లమల అంచు పల్లెల్లో వీడియో ఆగి ఆగి వస్తుంది. అందుకే ఇంటి నుంచి కాకుండా విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచి చేయించమంటున్నాం. ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవని కోసం అక్కడ ఇప్పటికే వీడియో ఏర్పాటు ఉంది, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ ఉన్నారు. కావాల్సింది మూసే తలుపు, ఒక జత ఇయర్‌ఫోన్లు, ఒక చాప, ఒక మంచం. మొదటి రెండు కాల్స్ వీడియోలో జరిగితే చాలు, సిగ్నల్ లేకపోతే మిగతావి మామూలు ఫోన్లో సాగించొచ్చు. పొగాకు కోతలప్పుడు, వరి నాట్లప్పుడు పగటి కాల్‌కు ఎవరూ రారు, వారానికి రెండు రోజులైనా సాయంత్రం ఆరు తర్వాత సమయం ఉంచండి. కాల్‌ను రికార్డు చేయకూడదు, రోగి పేరుతో ఏ వాట్సాప్ గ్రూపులోనూ ఏదీ పెట్టకూడదు. వినికిడి బాగా తగ్గినవాళ్లకు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు, తీవ్రమైన మానసిక వ్యాధితో ఉన్నవాళ్లకు ఫోన్ చికిత్స సరిపడదు, వాళ్లను నేరుగా చూడాలి.

మిగతా స్కానింగ్‌ల్లోనూ ముందే చెప్పి పంపాల్సినవి ఉన్నాయి. చెన్నైకో, తిరుపతికో వెళ్లి పెట్ స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి క్యాన్సర్ లాంటివి వెతికే పరీక్ష) చేయించుకునేవాళ్లకు ఆ ఇంజెక్షన్ తర్వాత దాదాపు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమంటారు. ఆ గంటలో ఏం చేయాలో ముందే చెప్పి పంపాలి. చలితో, బిగుసుకుపోయి ఉంటే కండరాల్లోకి, మెడ దగ్గరి కొవ్వులోకి మందు చేరి బొమ్మ గందరగోళమవుతుంది, కాబట్టి దుప్పటి, మెల్లని ఊపిరి రెండూ అవసరమే. ఆ మందులోని రేడియోధార్మికత సగానికి తగ్గడానికి 110 నిమిషాలే పడుతుంది, ఆలస్యంగా వస్తే వృథా. గర్భిణులకు 18 నుంచి 22 వారాల మధ్య శిశువు అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్‌లో శిశువు అనుకూలంగా తిరగకపోతే కాసేపు నడిచి రమ్మంటారు. అది చెప్పకపోతే ఆ నడక మొత్తం ఏదో లోపం ఉందన్న ఏడుపుతోనే సాగుతుంది.

ఇక రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల భయం ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రిపోర్టు డాక్టరు కంటే ముందు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది, ఇంట్లో చదువుకున్న పిల్లలు గూగుల్‌లో వెతుకుతారు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. నడుము ఎమ్మారైలో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండు ఉబ్బడం) అని ఉంటే జీవితమైపోయిందనుకుంటారు. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కానింగ్ తీసి చూసిన అధ్యయనాలన్నిటినీ 2015లో కలిపి లెక్కకడితే, 20 ఏళ్ల వయసులోనే వందకు 30 మందికి, 50 ఏళ్లకు 60 మందికి, 80 ఏళ్లకు 84 మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. రొమ్ము పరీక్ష రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే అంకెను బైరాడ్స్ అంటారు. బైరాడ్స్ 3 అంటే క్యాన్సరయ్యే అవకాశం వందకు రెండు కంటే మించదని, ఆరు నెలల్లో మళ్లీ చూడమని అర్థం. బైరాడ్స్ సున్నా అంటే ఇంకో పరీక్ష కావాలని మాత్రమే. కాబట్టి నాలుగో కాల్ ఒకటి, 20 నిమిషాలు, రిపోర్టు వచ్చిన రోజు గానీ మర్నాడు గానీ పెట్టండి. దాన్లో స్కానింగ్ రాసిన డాక్టరు ఐదు నిమిషాలైనా ఉండాలి. కౌన్సెలర్ రిపోర్టుకు అర్థం చెప్పకూడదు. డాక్టరు చెప్పాక మనిషిని నిలబెట్టడం కౌన్సెలర్ పని. జబ్బు ఖాయమని తెలిసిన రోజున చనిపోవాలన్న మాట వినిపిస్తే ఆ కాల్‌ను అక్కడితో ముగించకుండా మానసిక వైద్యుడికి కలపాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది. ప్రతి స్కానింగ్ చీటీ వెనక ఆ నంబరు అచ్చు వేయించడం రేపు ఉదయమే చేయగల పని.

ఈ కాల్స్ ఎవరు చేయాలన్నదాంట్లో రాజీ వద్దు. చికిత్సను రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు నడపాలి. ఇళ్ల దగ్గర సాధన సరిగ్గా జరుగుతోందా అని చూసే పని, తేదీలు గుర్తుచేసే పని శిక్షణ పొందిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు, ఆశా కార్యకర్తలు చేయగలరు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉన్న బృందాలకు వారంలో కొన్ని గంటలు దీనికే కేటాయిస్తే మొదలుపెట్టొచ్చు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీడియో ద్వారా వైద్యం చేయడానికి దారి చూపించే ఉన్నాయి.

మొదట ఒక్క ఎమ్మారై సెంటరుతో, ఉదయగిరి వైపు కొన్ని క్లినిక్కులతో, మార్కాపురం వైపు కొన్ని క్లినిక్కులతో మొదలుపెట్టండి. మధ్యలో ఆగిన స్కానింగ్‌లు ఎన్ని, కదలిక వల్ల రెండోసారి తీసిన సీక్వెన్సులు ఎన్ని, మత్తు ఇవ్వాల్సి వచ్చినవి ఎన్ని, తేదీకి రానివాళ్లు ఎందరు అన్న నాలుగు లెక్కలు ఇప్పటి నుంచే రిజిస్టరులో రాయించండి. మొదలుపెట్టకముందు మూడు నెలలవీ, తర్వాత మూడు నెలలవీ పక్కపక్కన పెట్టి చూసి, పెంచాలా వద్దా మీరే నిర్ణయించండి. తెలుగు ఫారం, వీడియోకు మాటలు, మైకులో చెప్పాల్సిన వాక్యాలు, క్లినిక్ సిబ్బందికి రెండు రోజుల శిక్షణ పాఠం మేం రాసిస్తాం, జీతం గానీ భత్యం గానీ అడగం. మీరు ఏ రోజు పిలిస్తే ఆ రోజు వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేస్తున్న
క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, స్కానింగ్ టెక్నీషియన్లు కొందరం